అద్దంలో నీలం కోటు

కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చేసరికి షాపులో ముగ్గురూ చొక్కాలు మడతపెడుతున్నారు.

బట్టల షాపులో చొక్కాలు మడతపెట్టడం తప్పేమీ కాదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ చొక్కాలు పొద్దున్న కూడా మడతపెట్టినవే. నిన్న కూడా పెట్టారు. మడతపెట్టడానికి ఇంకేమీ మిగలక, పెట్టినవాటినే విప్పి, దులిపి, మళ్లీ పెడుతున్నారు.

"ఇదేనా మీ పని?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. మాస్కులోంచి తన్నుకొచ్చిన ఊపిరికి ఆయన కళ్లద్దాలు పొగమంచు పట్టినట్టు తెల్లగా మూసుకుపోయాయి. వాటిని తీసి తుడుచుకునేలోగా మాస్కు ముక్కు కిందికి జారింది. మాస్కు సర్దుకునేలోగా కళ్లద్దాలు మళ్లీ తెల్లబడ్డాయి.

"అవునండీ, పనే కదండీ," అంది చిన్న ఓనరు.

యాభై దాటిన మనిషిని చిన్న ఓనరు అనడం ఆ వీధి అలవాటు. పెద్ద ఓనరు ఆవిడ తండ్రి. ఆయన పోయి చాలాకాలమైనా, వీధివాళ్ల లెక్కలో షాపు ఇంకా ఆయనదే, కూతురు తాత్కాలికంగా చూసుకుంటోందంతే.

ఆవిడకొచ్చిన కష్టం ఇదీ. ఊళ్లోకి జబ్బు రాగానే బట్టల షాపులు తలుపు తెరవకూడదని ఒక ఆఫీసు ఉత్తర్వు ఇచ్చింది. ఎవరినీ పనిలోంచి తీసేయకుండా, అందరికీ పని చూపించే యజమానులకి జీతాల్లో సగం ప్రభుత్వమే ఇస్తుందని ఇంకో ఆఫీసు ఉత్తర్వు ఇచ్చింది. ఒకరు తలుపు మూయమన్నారు, ఇంకొకరు లోపల పని చేయించమన్నారు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టు లేదు. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే సరుకు ఇంటికి పంపించుకోవచ్చని మొదటి ఉత్తర్వు అడుగున చిన్న వెసులుబాటు ఉంది గానీ, అడిగేదెవరు? గడప దాటే దారి లేనప్పుడు కొత్త బట్టలు కట్టుకుని వంటింట్లోంచి ముందుగదిలోకి ఊరేగుతారా?

"మేడం, నేను రాసేది ఒక్కటే మాట," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పనిలో ఉన్నారు, లేదా పనిలో లేరు. మడతపెట్టిందే మడతపెడుతుంటే ఉన్నారని ఏ మొహం పెట్టుకుని రాయను? ఈసారికి ఊరుకుంటున్నా. మళ్లీ వస్తా. ఎప్పుడొస్తానో చెప్పను."

ఆయన వెళ్లిపోయాడు.

ముందు నోరు విప్పింది దర్జీ. పెద్ద ఓనరు కాలంనుంచీ వెనకగదిలో మిషను ముందు కూర్చున్న మనిషి. చిన్న ఓనరుకి కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. అందుకే ఆవిడకి ఆయన బాబాయి.

"అమ్మాయ్, మొహమాటపడకు. ఆ సాయం ఆగిపోయి ఒకణ్ని ఇంటికి పంపాల్సొస్తే నన్నే పంపెయ్. వీడికి నోరుంది, ఎక్కడైనా బతికేస్తాడు."

"నోరుంటే సరిపోతుందా బాబాయ్! దానిక్కూడా మూత బిగించారుగా!" అన్నాడు రేడియో తన మాస్కు చూపిస్తూ.

రేడియో అంటే చిన్న ఓనరు మరిది. షాపులో అమ్మకాలన్నీ అతని నోటిమీదే. ఆ నోటిని ఆపే మీట ఎక్కడుందో పెళ్లయి ఇన్నేళ్లయినా అతని భార్యక్కూడా దొరకలేదు. అందుకే ఆ పేరు.

చిన్న ఓనరు బాబాయి లేని వెనకగదిని ఊహించుకోవడానికి ప్రయత్నించింది. మిషను మీద గుడ్డ కప్పి ఉంటుంది. అంతకుమించి ఊహ సాగలేదు. ఆ వయసులో ఆయన్ని ఇంకెవరూ పనిలోకి తీసుకోరు. సాయం ఆగకూడదు. ఆగకుండా ఉండాలంటే పని కనపడాలి. బేరాలు లేని షాపులో పని ఎక్కణ్నుంచి పుట్టించాలి?

అటూ ఇటూ చూసిన కళ్లు వీధివైపు అద్దం దగ్గర ఆగిపోయాయి. అద్దం వెనక మూడు బొమ్మలు తలుపు మూసిన రోజు వేసుకున్న బట్టలతోనే నిలబడి ఉన్నాయి. భుజాల మీద దుమ్ము.

"నాన్న చూస్తే నన్ను చంపేసేవాడు," అంది చిన్న ఓనరు లేచి నిలబడుతూ. "అద్దంలో పెట్టిన బట్ట ఎండకి వెలిసిపోకముందే మార్చాలని ఆయన ఎన్నిసార్లు చెప్పాడు! బొమ్మలకి బట్టలు మార్చడం పనా, కాదా?"

"పనే వదినా! పచ్చి పని!" అని రేడియో ఎగిరి గంతేశాడు.

*

ఆ బొమ్మలకి షాపులో పేర్లున్నాయి. గడ్డం పైకెత్తి ఎవరినీ లెక్కచెయ్యనట్టు నిలబడే ఆడబొమ్మ దొరసాని. నెరిసిన జుట్టున్న పెద్దవయసు బొమ్మ పెదనాన్న. మూడోది మొండిముక్కు. ఎప్పుడో నిచ్చెన మీంచి పడి ముక్కు చివర చిట్లిపోయింది. కొత్తది కొనేబదులు, దాని మొహం ఎప్పుడూ వీధికి కనపడకుండా లోపలివైపు తిప్పి పెట్టడం అలవాటు చేసుకున్నారు.

చిన్న ఓనరు దొరసానిని చిన్న బల్ల ముందు కూర్చోబెట్టి చేతిలో టీ కప్పు పెట్టింది. మొండిముక్కుకి బాబాయి కుట్టిన ముదురు నీలం కోటు తొడిగి వెనక నిలబెట్టింది. దాని చెయ్యి కీలు పట్టేసి కిందికి దిగదు. ఎప్పుడూ ఎటో ఒకవైపు చూపిస్తూనే ఉంటుంది. కింద తివాచీ చిరిగినచోట కనపడకుండా రేడియో ఒక పాత పెట్టె తెచ్చి పెట్టాడు. మొండిముక్కు వేలు సరిగ్గా ఆ పెట్టెవైపే తిరిగి ఉంది. అది ఎవరూ అనుకుని చేసింది కాదు.

సాయంత్రం పూట కాసేపు మాత్రం జనం నడవడానికి బయటికి రావచ్చు. ఇళ్లలో గోడల్ని చూసి చూసి కళ్లు కాయలు కాచిన జనం. ఆ వీధిలో మారిన వస్తువు ఆ అద్దమొక్కటే. ఒకరు ఆగారు. వాళ్లెందుకు ఆగారో చూడటానికి ఇంకొకరు ఆగారు.

మర్నాడు అద్దానికి ఒక చీటీ అంటించి ఉంది. "పెట్టెలో ఏముంది?"

రేడియో దాన్ని పైకి చదివాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏముంది?" అన్నాడు బాబాయి.

"నాకేం తెలుసు? అటకమీది పెట్టె. తెరిస్తే బొద్దింకలు ఉంటాయేమో."

ఆ పక్కనే ఇంకో చీటీ. "నీలం కోటువాడు మంచివాడు కాదు. ఆ చెయ్యి చూస్తేనే తెలుస్తోంది."

అంతే, రేడియోకి పూనకం వచ్చింది. ఆ సాయంత్రానికి పెట్టె బల్ల కిందికి చేరింది. మర్నాడు దొరసాని కప్పు నేలమీద పడి ఉంది. ఆ మర్నాడు పెదనాన్న చేతిలో గొడుగుతో వచ్చి నిలబడ్డాడు. బొమ్మలతో ఈ కోతిపనులేమిటని మొదట్లో గొణిగిన బాబాయి మూడోరోజుకి అద్దం వెనక చేరి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు.

"అలా కాదురా. మనిషికి భయమేస్తే భుజాలు చెవులదాకా లేస్తాయి. ఉండు, దొరసాని భుజాల్లో కాస్త దూది కూరతాను."

దూది కూరగానే దొరసాని నిజంగానే వణికిపోతున్నట్టు కనిపించింది. ఆ సాయంత్రం అద్దం ముందు ఎవరో "అయ్యో తల్లీ!" అన్నారు.

*

తప్పు జరిగింది ఆ తర్వాత.

పడమటి ఎండ సూటిగా మొండిముక్కు మీద పడుతోంది. నీలం కోటు కుడిభుజం కాస్త వెలిసినట్టు చిన్న ఓనరుకి అనిపించింది. తండ్రి మాట గుర్తొచ్చింది. కోటు విప్పి, నీడ మూలన నిలబడే పెదనాన్నకి తొడిగింది. మొండిముక్కుకి గోధుమరంగు స్వెట్టరు వేసింది. ఆరోజు కథ ప్రకారం మొండిముక్కు పెట్టె పట్టుకుని పారిపోతుంటాడు, పెదనాన్న దొరసాని భుజంమీద చెయ్యేసి ధైర్యం చెబుతుంటాడు. అన్నీ సరిచూసుకుని వెనక్కొచ్చి తృప్తిగా నీళ్లు తాగింది.

సాయంత్రం అద్దం ముందు ఒక్కసారిగా గోల లేచింది. ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ గుండెమీద చెయ్యి వేసుకుంది. ఇద్దరు మొగాళ్లు వాదించుకుంటున్నారు. వెళ్లిపోయినవాళ్లు ఇంకొందరిని వెంటబెట్టుకుని తిరిగొస్తున్నారు.

"ఇంత గోల దేనికి?" అంది చిన్న ఓనరు. "పాపం పెదనాన్న ఓదారుస్తుంటే ఏడుపు రావాలిగానీ!"

రేడియో సంగతేమిటో కనుక్కోవడానికి పెరటి తలుపు గుండా వెళ్లి, నడకకొచ్చినవాడిలా గుంపులో కలిశాడు. తిరిగొచ్చేటప్పుడు పరుగే.

"వదినా, కొంప మునిగింది! కాదు కాదు, తేలింది! వాళ్లకి మొండిముక్కెవరో తెలీదు!"

"తెలీకపోవడమేమిటి? ఆ ముక్కు..."

"ఆ ముక్కు మనం చూపిస్తే కదా! వాళ్లకి తెలిసింది కోటు. కోటు ఎవరు వేసుకుంటే వాడే దుర్మార్గుడు. ఇన్నాళ్లూ గొడుగు పట్టుకుని మంచివాడిలా నటించిన ముసలాడే అసలు దొంగని వాళ్లకి ఇవాళ తెలిసిపోయింది! దొంగే వచ్చి భుజం మీద చెయ్యేశాడని ఆ ఎర్రచీరావిడ ఏడుస్తోంది!"

చిన్న ఓనరు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బొమ్మల మొహాల మధ్య తిరిగిన మనిషి. బట్ట మారితే మనిషి మారిపోతాడని ఆవిడకి ఎలా తోస్తుంది?

అప్పుడే ఫోన్ మోగింది. షాపు మూసిన దగ్గర్నుంచీ మూగనోము పట్టిన ఫోను.

"అద్దంలో ఉన్న నీలం కోటు అమ్ముతారా?" అంది అవతలి గొంతు. "మా ఆయనకి. ఆ ముసలాయనకి ఎంత దర్జాగా ఉందండీ! దొంగైతేనేం!"

పెట్టేయగానే మళ్లీ మోగింది. ఇంకో నీలం కోటు. కానీ షాపులో ఉన్నదల్లా ఆ ఒక్కటే. బాబాయి కళ్లజోడు సవరించుకుని బీరువాలోంచి నీలం తాను దించాడు. ఫోన్ తనే లాక్కున్నాడు.

"కొలతలకి నేను రానక్కర్లేదమ్మా. ఆయనకి బాగా పట్టే పాత కోటు ఒకటి పరుపుమీద పరిచి, నేను చెప్పినచోటల్లా టేపు పెట్టు."

చిన్న ఓనరు గుమ్మంలో నిలబడి మిషను చప్పుడు వింది. చాలాకాలం తర్వాత ఆ చప్పుడు. పెదవులు విచ్చుకోబోయాయి. విచ్చుకోలేదు. ఎందుకంటే పెరటి తలుపు దగ్గర తెల్లబడ్డ కళ్లద్దాలు కనిపించాయి.

"మేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్, "మీ అద్దం ముందు గుంపుంది."

"మేం పిలవలేదండీ. వాళ్లే..."

"గుంపు గుంపే. ఇలా జనాన్ని పోగేస్తే లోపలి పని కూడా ఆపించాలి. పని ఆగితే సాయం ఆగుతుంది. రేపు సాయంత్రం వస్తా. ఇలాగే కనపడితే నా చేతుల్లో ఏమీ ఉండదు."

*

"అద్దానికి పరదా వేసేద్దాం," అన్నాడు రేడియో. మొదటిసారి అతని గొంతు తగ్గింది.

"వేస్తే పనేది?" అంది చిన్న ఓనరు. "ఈ రెండు కోట్లు కుట్టాక బాబాయి ఏం చేస్తాడు? జనం చూస్తున్నంతసేపే ఆ ఫోన్ మోగేది."

జనం చూడాలి. కానీ నిలబడకూడదు. ఆవిడ అద్దంలోంచి వీధిని చూసింది. ఎదురుగా చెప్పుల షాపు, పక్కన దీపాల షాపు, ఆవల కళ్లజోళ్ల షాపు, చివర గొడుగుల షాపు. అన్నిటికీ అద్దాలున్నాయి. అన్నిటి వెనకా దుమ్ము ఉంది. అన్నిట్లోనూ ఎవరో ఒకరు పెట్టినవే మళ్లీ సర్దుతూ, ఇదే ఇన్‌స్పెక్టర్ కోసం బిక్కుబిక్కుమని చూస్తున్నారు.

వీధి దాటి వెళ్లి చెప్పుల షాపు తలుపు కొట్టింది. ఆ షాపాయనకీ ఆవిడకీ నామఫలకం ఎవరిది ముందుకొచ్చిందన్న తగువు ఎప్పట్నుంచో నడుస్తోంది.

"జనమంతా నీ అద్దానికే అతుక్కుపోయారుగా," అన్నాడాయన తలుపు సందులోంచి. "ఇంకా ఏం కావాలి?"

"నీ అద్దం కావాలి అన్నయ్యా."

"నీ కథకి నా చెప్పులెందుకు?"

"పారిపోయేవాడు వట్టికాళ్లతో పరిగెడతాడా?"

ఆయన తల గోక్కున్నాడు. నవ్వు దాచుకోవడానికి గోక్కున్నాడని ఆవిడకి తెలుసు. "బురద అంటిన జోడొకటి కావాలంటే... మా కుర్రాళ్లు చేసిపెడతారు. రోజంతా పెట్టెలు లెక్కపెట్టి చస్తున్నారు. కానీ నా అద్దంలో నీ పేరు ఉండకూడదు!"

"నీ పేరే పెద్దక్షరాలతో రాసుకో."

మర్నాడు మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా పనిలో పడింది. ఒక్కో అద్దంలో ఒక్కో ఘట్టం. బట్టల షాపులో దొరసాని ఒంటరిగా. చెప్పుల షాపులో తలుపువైపు పరిగెత్తిన బురద అడుగులు. దీపాల షాపులో సగం ఆరిన లైట్ల మధ్య నీలం కోటుతో పెదనాన్న. కళ్లజోళ్ల షాపులో పగిలిన కళ్లజోడు. గొడుగుల షాపులో తెరిచిన గొడుగుల చాటున, మొహం దాచుకుని, పెట్టెతో మొండిముక్కు. ముందు అద్దం దగ్గర ఆగిపోతే వెనకది తెలీదు. తెలియాలంటే నడవాల్సిందే.

ఇక మిగిలింది అసలు చిక్కు.

"కోటు సంగతేం చేద్దాం?" అన్నాడు రేడియో. "మొండిముక్కు దొంగని మనం అనుకున్నాం. ముసలాడు దొంగని వాళ్లు అనుకున్నారు. పొరపాటు జరిగిందని చీటీ అంటించేద్దాం. లేదా ముసలాడికి కవల సోదరుణ్ని పుట్టిద్దాం. లేదా ఇదంతా దొరసాని కన్న కల అని..."

"రెండు కోట్లు," అన్నాడు బాబాయి మిషను మీంచి తలెత్తకుండా.

"ఏంటి?"

"కోటు ఒకటి కాదు. రెండు. ఒకటి ముసలాయనది. అచ్చం అలాంటిదే రెండోది కుట్టించుకుని మొండిముక్కు ఆయన పేరుమీద దొంగతనాలు చేశాడు. ఇప్పుడా కోటు పెట్టెలో ఉంది. ముసలాయన నిర్దోషి."

రేడియో నోరు తెరిచాడు. అందులోంచి మాట రాలేదు. ఆ ఇంట్లో ఎవరికీ దక్కని భాగ్యం అది.

"ఎప్పట్నుంచి ఆలోచిస్తున్నావు బాబాయ్?" అంది చిన్న ఓనరు.

"ఇప్పుడే. వీడి వాగుడు చెవిలో పడకుండా ఏదో ఒకటి ఆలోచించుకోవాలి కదమ్మా."

*

ఇన్‌స్పెక్టర్ చెప్పినట్టే సాయంత్రం వచ్చాడు. చిన్న ఓనరు మేడమెట్ల మీంచి చూస్తోంది.

ఆయన వీధి మొదట్లో ఆగాడు. గుంపు లేదు. జనం ఉన్నారు, ఎడం ఎడంగా, ఒక అద్దం నుంచి ఇంకో అద్దానికి, వేలు చూపించుకుంటూ, వాదించుకుంటూ నడుస్తున్నారు. ఆయన కూడా నడిచాడు. బురద అడుగులు వంగి చూశాడు. దీపాల షాపు దగ్గర కళ్లద్దాలు తుడుచుకుని పెదనాన్నని కిందినుంచి పైదాకా చూశాడు. మళ్లీ తుడుచుకుని మళ్లీ చూశాడు.

"కదలండి సార్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "మేం చూడొద్దా? గుంపు చేస్తే ఇన్‌స్పెక్టర్ వచ్చి మూయిస్తాడట!"

ఆయన ఉలిక్కిపడి కదిలాడు. గొడుగులదాకా వెళ్లి, చుట్టూ తిరిగి పెరటి తలుపు దగ్గరికొచ్చేసరికి చిన్న ఓనరు కిందికి దిగి ఎదురుగా నిలబడింది.

"గుంపు లేదు. సరే," అన్నాడు పొడిగా. "పని చూపించండి."

రేడియో ఫోన్‌లో ఎవరికో ఒకే ఊపిరిలో స్వెట్టరు అమ్ముతున్నాడు. ఆయన తలూపి వెనకగదిలోకి నడిచాడు. బాబాయి చప్పున మిషను మీది గుడ్డమీద తువ్వాలు కప్పేశాడు.

"ఏం కుడుతున్నారు?"

"చెప్పకూడదండీ."

"చెప్పకపోతే ఎలా? పనిలో ఉన్నారని నేను రాయాలంటే పనేమిటో చూడాలి. చూడందే రాయను."

బాబాయి చిన్న ఓనరు వంక చూశాడు. చూపిస్తే ఊరంతా ఎదురుచూస్తున్న ముగింపు ఈ మనిషి చేతిలోకి వెళ్లిపోతుంది. చూపించకపోతే రెండో మాట రాస్తాడు, 'పనిలో లేరు' అని. ఆ మాటతో మిషను మీద గుడ్డ కప్పేస్తారు.

"చూపించు బాబాయ్," అంది.

తువ్వాలు తొలిగింది. ఇన్‌స్పెక్టర్ కళ్లద్దాలు తుడుచుకుని వంగాడు. నీలం కోటు. కుడిభుజం దగ్గర, ఎండకి వెలిసినట్టు కాస్త లేతగా కూడా ఉంది.

"ఇది దీపాల షాపులో ఉంది కదా? ఇప్పుడే చూసొచ్చాను. అది ఇక్కడికెలా..." ఆగిపోయాడు. దీపాల షాపు వైపు వేలు చూపించాడు. గొడుగుల షాపు వైపు చూపించాడు. "ఆ పెట్టెలో... అంటే ఆ ముసలాయన..."

"ష్!" అన్నారు ముగ్గురూ ఒకేసారి. ఫోన్ అవతలివాళ్లకి కూడా వినపడేలా.

ఇన్‌స్పెక్టర్ బాబాయి పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"నేను చెప్పాను," అన్నాడు నెమ్మదిగా. "ఆ పెద్దమనిషి అలాంటివాడు కాదని నిన్నట్నుంచీ మా ఇంట్లో చెబుతూనే ఉన్నాను. మా ఆవిడ వింటేనా! మా అత్తగారూ ఆవిడ పక్షమే!" అంతలోనే మొహం వాలిపోయింది. "ఇప్పుడు రుజువు దొరికినా చెప్పకూడదు, అంతేనా?"

"తలుపులు తెరిచేదాకా ఓర్చుకోండి సార్," అంది చిన్న ఓనరు. "పెట్టె ఆరోజు షాపు లోపల పెడతాం. చూడాలనుకున్నవాళ్లు గడప దాటి రావాల్సిందే."

ఆయన ఆవిడ వంక మెచ్చుకోలుగా చూసి కలం తీశాడు. మళ్లీ ఆగాడు.

"ఏం పని చేస్తున్నారో రాయాలి ఇక్కడ. కోటు అని రాస్తే మా ఆఫీసులో పట్టేస్తారు. అందరూ సాయంత్రం నడిచేది ఈ వీధిలోనే." కాసేపు కలం కొరికి, రాసింది పైకి చదివాడు. "'దర్జీ పనిలో ఉన్నారు. తల తిప్పుకునే తీరిక లేదు.' చాలా?"

చిన్న ఓనరు గబగబా తలూపింది.

ఆయన వీధిలోకి వెళ్లేసరికి దీపాల షాపు ముందు ఇద్దరు గట్టిగా వాదించుకుంటున్నారు. "ముసలాడే! కళ్లముందు కోటు కనపడుతుంటే ఇంకేం కావాలి?" అంటున్నాడు ఒకడు. ఇన్‌స్పెక్టర్ అడుగు ఆగింది. నోరు తెరుచుకుంది. రెండు చేతులతో మాస్కుని కళ్లదాకా లాగి, గట్టిగా అదిమిపట్టుకుని, ఒక్క పరుగున వీధి మలుపు తిరిగిపోయాడు.

గుమ్మంలో నిలబడి అది చూసి చిన్న ఓనరు కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"అమ్మాయ్," అన్నాడు వెనకనుంచి బాబాయి విసుగ్గా, "వెలుతురుకి అడ్డం నిలబడి ఆ నవ్వులేమిటి? పక్కకి జరుగు. ఇంకా కోటుకి చేతులు కుట్టాలి."